కొండబడిలో వీడ్కోలు

1961లో అమెరికాలో మొదలైన పీస్ కోర్ అనే సేవా సంస్థ మరుసటి ఏడాదే నేపాల్‌కు వాలంటీర్లను పంపింది. వారిలో చాలామంది కొండ ఊళ్లలో పంతుళ్లయ్యారు. సాధారణంగా రెండేళ్ల సేవ, అంతకుముందు కొద్ది నెలల శిక్షణ.

గడువు తీరిన రోజు పిల్లలు వరసగా వచ్చి బంతిపూల దండలు వేస్తారు. అవి గడ్డం దాకా పేరుకుంటాయి. నుదుట పెట్టిన ఎర్రని టీకాలోంచి బియ్యపు గింజలు కనుబొమల మీదికి రాలుతుంటాయి. ‘ఫేరి భేటౌలా’ అంటారు, మళ్లీ కలుద్దామని. మన ‘వెళ్లొస్తా’ లాంటి చల్లని మాటే.

అలా పాఠాలు చెప్పడానికి పరాయి దేశం వెళ్లే మన పిల్లలకు ఒక విన్నపం. బయల్దేరే తేదీ నెల ముందే బడిలో చెప్పండి. మళ్లీ వస్తామో లేదో తెలియనప్పుడు పసివాళ్లకు మాటివ్వకండి. పాఠాలు ఎక్కడిదాకా వచ్చాయో రాసి, అక్కడి టీచరు చేతికిచ్చి రండి.