ఉమ్మిలో దాగిన వార్త
(అనకాపల్లిలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఉమ్మిని పరీక్షించి రోగమును కనుగొను విధమును గూర్చి మాటలాడుమని మమ్ము కోరినపుడు కొంత సంశయించితిమి. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు — పంచాయతీ సభ్యులకు నిత్యము తప్పని పనులివి. ప్రయోగశాలలతో వారికేమి పని యని మాకు తోచినది. కాని మన పల్లెలలోని ఒక అలవాటు జ్ఞప్తికి రాగానే ఆ సంశయము తీరిపోయినది. అది అడ్డపొగ.

చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని కాల్చుట మనకు వింత గాదు. బయటివారికి మాత్రము చూచినగాని నమ్మిక కుదరదు. గాలికి ఆరదనియు, చుట్ట ఎక్కువసేపు వచ్చుననియు మన ముసలమ్మలు చెప్పుదురు. ఆ వేడియు ఆ పొగయు తిన్నగా అంగిలిని తాకును. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా మొదలగువారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించిరి. ఆ గ్రామస్థులలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. ఇతర ప్రాంతములలో అరుదుగా కనబడు అంగిలి కాన్సరు మన తీరమున తరచుగా కనబడుటకు కారణము ఇదియే. దేశమంతటను చూచినచో, 2022లో పెదవి, నోటి కాన్సరు క్రొత్తగా సోకినవారు 1 లక్షా 43 వేలకు పైగా నుందురని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది.

ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు. ఒక తెల్లని మచ్చయో, ఎఱ్ఱని మచ్చయో కనబడును. అన్నము తినుటకు అడ్డము లేదు గనుక ఎవరును పట్టించుకొనరు. మేమెరిగిన ఒక వృద్ధురాలు అంగిలిలోని పుండును ఎనిమిది నెలలు ఇంటిలోనివారికి గూడ చెప్పలేదు. ఏల చెప్పలేదమ్మా యని అడుగగా, "సెప్తే సుట్ట మానీమంటారు బాబూ, ఆస్పత్రికెల్తే కత్తెడతారు" అనినది. ఆమె భయములు రెండును ఉత్త భయములు గావు. కాన్సరును నిర్ధారించుటకు మచ్చనుండి చిన్న ముక్కను కోసి పరీక్షింపవలసినదే. ఆ కోతకు భయపడియే పెక్కుమంది జాగు చేయుచున్నారు. కత్తితోను సూదితోను పని లేకుండ, ఒక సీసాలో ఉమ్మి వేయించి రోగమును తెలిసికొనగలిగిన ఎంత మేలు!

ఈ ఆశ నిరాధారమైనది గాదు. మన నోట దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలము ఊరును. అందు నూటికి 99 పాళ్ళు నీరే. మిగిలిన పాలులో ఎక్సోసోములు అను అతిసూక్ష్మమైన సంచులు కలవు. శరీరములోని కణములు వీనిని బయటికి వదలుచుండును. వీని పరిమాణము 30 మొదలు 150 నానోమీటర్లు. ఒక తలవెండ్రుక మందములో వీనిని ప్రక్కప్రక్కన పేర్చినచో ఇంచుమించు ఎనిమిదివందలు పట్టును. 1983లో కెనడాలోని మాంట్రియల్‌లోను, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లోను పనిచేయుచున్న రెండు బృందములు వేరువేరుగా వీని సంగతిని బయటపెట్టినవి. కణము పారవేయు చెత్తయే ఇది యని చాలకాలము తలచిరి. చెత్తకుప్పను చూచి ఇంటివారి సంగతి చెప్పవచ్చునని పంచాయతీవారికి మేము నేర్పనక్కరలేదు! ఏ కణమునుండి వచ్చిన సంచిలో ఆ కణపు మాంసకృత్తులును, జన్యు పదార్థపు తునకలును ఉండును. కాన్సరు కణమునుండి వచ్చిన సంచి ఆ వార్తనే మోసికొని వచ్చును.

చిక్కంతయు వీనిని వేరుచేయుటలోనే కలదు. లాలాజలములో నోటి చర్మపు కణములు, సూక్ష్మజీవులు, ఆహారపు తునకలు, జిగురు అన్నియు కలసియుండును. చక్కెర కర్మాగారము లోపలికి పోయి చూచినవారు, పాకమును తిరుగు బుట్టలో వేసి వడిగా త్రిప్పగా మొలాసిస్ చిల్లులగుండ బయటికి పోవుటయు, చక్కెర పలుకులు లోపల నిలుచుటయు ఎరుగుదురు. ప్రయోగశాలలోను త్రిప్పు యంత్రమే పాత సాధనము. అయితే ఆ గొట్టములకు చిల్లులుండవు, బరువైనవి అడుగునకు చేరును. రేణువు ఎంత చిన్నదైన అంత వడిగా త్రిప్పవలెను. ఎక్సోసోములు అడుగునకు దిగుటకు భూమ్యాకర్షణకు లక్షరెట్ల బలముతో గంటల తరబడి త్రిప్పవలెను. అంతచేసినను కొన్ని చితికిపోవును, కొన్ని జిగురులో చిక్కుకొనును. బెల్లము వండునపుడు ఒకనాటి రసము పలుచగను, ఒకనాటి రసము చిక్కగను ఉన్నట్లే మనుష్యుని ఉమ్మియు పూటపూటకు మారుచుండును.

అందువలన అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున టోనీ జున్ హువాంగ్ బృందము మరియొక మార్గము త్రొక్కినది. ఒక చిన్న బిళ్ళపై సన్నని కాలువ తీసి, అందు ద్రవమును పారించి, చెవికి వినబడని ధ్వని తరంగములను ఏటవాలుగా పంపుదురు. మన కళ్ళములో తూర్పారబట్టునపుడు గాలి తేలికయైన పొట్టును దూరముగా త్రోయును. ఇచ్చట దానికి విరుద్ధము: ధ్వని పెద్ద రేణువులను ప్రక్కకు త్రోయును, చిన్నవి కాలువ వెంట సాగిపోవును. మొదటి మజిలీలో కణములు తొలగును, రెండవదానిలో పెద్ద సంచులు తొలగును, తుదకు ఎక్సోసోములు మిగులును.

2017లో ఈ బృందము, ఇతర సంస్థలవారితో కలసి, నెత్తురునుండి ఎక్సోసోములను ఇట్లు వేరుచేసి చూపినది. 2020లో లాస్ ఏంజిలీసులోని డేవిడ్ వాంగ్ మొదలగువారితో కలసి, గొంతు కాన్సరు కలవారని ముందే తేలిన 10 మంది లాలాజలమును పరీక్షింపగా, నూటికి 80 పాళ్ళు రోగమును పట్టగలిగినది.

పదిమందితో చేసిన పరీక్షను నమ్మి ఊరంతటికి వైద్యము చెప్పరాదు. పైగా వారు పరీక్షించినది ఒక వైరసు వలన కలుగు గొంతు కాన్సరు. మనది చుట్ట వలన కలుగు అంగిలి కాన్సరు. ఒకదానికి పనికివచ్చినది రెండవదానికి పనికివచ్చునో లేదో వేరుగా తేల్చవలెను. కావున ఎవరైన పెట్టె చేతబట్టుకొని వచ్చి, తలకింత ఇచ్చినచో ఊరివారందరి ఉమ్మిని పరీక్షించి కాన్సరును చెప్పెదమని పంచాయతీ నిధుల నడిగినచో, తీర్మానము చేయుటకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని విచారింపుడు.

మరియొక సంగతి. క్షయ పరీక్షకు ఇచ్చు కళ్ళె వేరు, ఈ ఉమ్మి వేరు. లోతుగా దగ్గి ఊపిరితిత్తులనుండి తెచ్చిన కళ్ళెయే క్షయను పట్టించును. నోటి ఉమ్మిని డబ్బాలో వేసి యిచ్చి, రోగము లేదని వచ్చిన చీటీ చూచి సంతసించువారు మన పల్లెలలో కలరు. మీరు వారికి నచ్చజెప్పవలెను.

ఉమ్మి పరీక్ష వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో ఒక గొప్ప ప్రయోగము మొదలైనది. దానికి ఎన్నుకొన్నవి 13 పంచాయతీలు. వానిలో 7 పంచాయతీలలో 35 ఏండ్లు నిండినవారి నోళ్ళను శిక్షణ పొందిన కార్యకర్తలు మూడేండ్ల కొకసారి చూచిరి; 6 పంచాయతీలలో అట్లు చూడలేదు. వారు వైద్యులు గారు; వెలుతురున నోరు తెరిపించి చూచుటయే వారి పని. 2005లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పొగాకుగాని మద్యముగాని అలవాటున్నవారిలో నోటి కాన్సరు మరణములు, చూడని పంచాయతీలకంటె చూచిన పంచాయతీలలో నూటికి 34 పాళ్ళు తక్కువ. ఈ లెక్క మాకు ధ్వని తరంగములకంటె ఎక్కువ ఆశ్చర్యము కలిగించినది.

మనకును 30 ఏండ్లు దాటినవారి నోటిని పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమములో కలదు. ఏ.ఎన్.ఎం. వచ్చిన దినమున జనము పొలములో నుండుటయు, అడ్డపొగ త్రాగు అవ్వలు సిగ్గుపడి రాకుండుటయు జరుగుచున్నది. ఏ వీధిలో ఏ యింట చుట్ట కాల్చువారున్నారో వార్డు సభ్యులకు తెలిసినట్లు మరెవరికి తెలియును? స్త్రీ సభ్యులు వెంటనుండి పిలిచిన వారు వచ్చెదరు. తల వెనుకకు వాల్చించి, కట్టుడు పండ్లున్న తీయించి, టార్చిలైటు వేసి అంగిలిని చూడవలెనని ఏ.ఎన్.ఎం.కు గుర్తుచేయుడు, నాలుకను బుగ్గలను చూచి అంగిలిని వదలివేసినచో మన ప్రాంతమునకు ఆ పరీక్ష చాలదు. తెల్లని లేక ఎఱ్ఱని మచ్చగాని, రెండు మూడు వారములకు మానని పుండుగాని కనబడినచో ఆసుపత్రికి పంపవలెను. విశాఖపట్టణము పోవు జాతీయ రహదారి మీద అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి కలదు. నగరములో కింగ్ జార్జి ఆసుపత్రి కలదు.

మేము చెప్పిన వృద్ధురాలిని ఆసుపత్రికి తీసికొనివచ్చినది ఆ ఊరి వార్డు సభ్యురాలే. ఆలస్యమైనందున అంగిలిలో కొంత భాగమును తీసివేయవలసి వచ్చినది. ఆమె నేడు మెత్తని అన్నము తినుచున్నది, చుట్ట మానినది. తనతో కూర్చుండి అడ్డపొగ త్రాగిన ఇరుగుపొరుగు అవ్వలు నలుగురిని తరువాతి నెలలో తానే వెంటబెట్టుకొని వచ్చి నోళ్ళు చూపించినది. వారిలో ఒకరికి తెల్లని మచ్చ కనబడినది.