ఒంటి ఇరుసు, విడి స్ప్రింగులు

ఆదోని పత్తి మార్కెట్టునకు బోరెములు మోసిన ఎద్దులబండ్లు తరతరములుగా నల్లరేగడి త్రోవలనే నడచినవి. ఆ నేల వానకు ఉబ్బి బురద యగును. ఎండకు నెఱ్ఱెలు విచ్చును. వానలో పడిన చక్రపు గాడులు ఎండినపిదప ఇటుకవలె గట్టిపడును. రెండు గాడుల నడుమ దిన్నె మిగులును. ఇట్టి త్రోవలో ఒక చక్రము గోతిలో దిగినపుడు రెండవది ఏమి చేయవలెను? వాహన నిర్మాతలు నేటికిని తర్కించుచున్న ప్రశ్న ఇదియే.

ఎద్దులబండి చెప్పు జవాబు ఒకే ఇరుసు. దానియందు చెడిపోవుటకు వస్తువులే తక్కువ. కాని ఒక చక్రము 12 అంగుళముల రాయి ఎక్కినచో ఇరుసు వాలి, దాని నడిభాగము 6 అంగుళములు లేచును. బండి యావత్తు ఒరుగును. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో తిరుగు ఆటో జవాబు వేరు. దాని వెనుక చక్రములు వేర్వేరు ఆర్ములపై, వేర్వేరు స్ప్రింగులపై నిలుచును. ఒకటి గోతిలో దిగినను రెండవది దానివెంట పోదు.

నాలుగు లావు టైర్లు కలిగి, మోటారు సైకిలువలె హ్యాండిలు పట్టి నడుపు ఏటీవీలయందు ఈ వివాదము మఱింత స్పష్టము. యమహా రాప్టరు వంటి క్రీడా వాహనములకు వెనుక ఒంటి ఇరుసే. ఎద్దులబండిలో ఇరుసు కదలదు, చక్రములే తిరుగును. ఇచట ఇరుసును చక్రములును కలసియే తిరుగును. కనుక మలుపులో ఒక చక్రము జారక తప్పదు. పందెగానికి కావలసినది ఆ జారుడే. వెనుక భాగమును జార్చి అతడు మలుపు తీయును. బరువు తక్కువ, కీళ్లు తక్కువ. అమెరికాలోని పొలారిస్ వారు 2006లో విడి స్ప్రింగులతో అవుట్‌లా అను క్రీడా వాహనమును తెచ్చిరి. 2008లో అదే పేరిట ఒంటి ఇరుసు బండిని కూడ అమ్మిరి. పందెగాండ్ర మక్కువ అట్టిది.

అయినను మన గాడుల త్రోవ పందెపు మైదానము కాదు. ఒంటి ఇరుసు నడుమ గొలుసు తిరుగు పండ్లచక్రము, బ్రేకు బిళ్ల క్రిందికి వ్రేలాడుచుండును. ఎండిన దిన్నె మొదట తాకునది వానినే. విడి స్ప్రింగుల బండిలో ఆ నడిమి యంత్రము చట్రమునకు బిగింపబడి పైన ఉండును. నడుపువాని నడుమునకును కుదుపు తగ్గును. పొలము పనులకు చేసిన ఏటీవీలలో అనేకము ఈ విధానమునే అవలంబించినవి.

దీనికిని వెల చెల్లింపక తప్పదు. చక్రములను త్రిప్పు కడ్డీల కీళ్లపై రబ్బరు తొడుగులుండును. ఒక ముల్లు తొడుగును చీల్చినచో ఇసుక, బురద లోనికి చేరి కీలును అరగదీయును. నల్లరేగడి జిగురు బురద ఎట్టిదో ఈ సీమ రైతులకు మేము చెప్పనక్కరలేదు.

కావున రేగడి పొలములలో పని చేయువానికి విడి స్ప్రింగులే మేలని మా అభిప్రాయము. అయితే దినము ముగియగానే తొడుగులు కడిగి చూచు ఓపిక ఉండవలెను. దాపున కీలు మార్చగల మెకానిక్కు ఉండవలెను. ఆ రెండును లేనివానికి తాతలనాటి ఒంటి ఇరుసే నమ్మకమైన తోడు.