పరాయి విమానానికి మన దారి

జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు చోట్ల నుంచీ వచ్చినవారు ఈ సభలో ఉన్నారు. ఈ మూడు జిల్లాల్లో దేనికీ విమానాశ్రయం లేదు. కానీ పిల్లలు అమెరికాలో చదువుతున్న ఇళ్లు, గల్ఫ్‌లో పనికి వెళ్లిన మనిషి పంపే డబ్బుతో గడిచే ఇళ్లు ఉన్నాయి. టికెట్ ధర పెరిగితే, మధ్యలో విమానం మారాల్సి వస్తే ఆ భారం మోసేది ఈ ఇళ్లే. అందుకే విదేశీ విమాన సంస్థలు ఇతర దేశాల మధ్య ప్రయాణికులను చేరవేసే హక్కు కోరడమనే విషయాన్ని ఇక్కడ ఎత్తుకున్నాను. మన సంస్థలు నడపని దారుల్లో ఆ హక్కును గడువు పెట్టి, షరతు పెట్టి ఇవ్వాలి. గల్ఫ్ దేశాలకు స్తంభించిపోయిన సీట్ల కోటాను కదిలించాలి. ఇదీ నా వాదన.

ఈ హక్కుల లెక్క 1944 చివర్లో మొదలైంది. యుద్ధం ఇంకా ముగియకముందే 52 దేశాలు చికాగోలో కూర్చున్నాయి. ఒక దేశం మీదుగా ఎగరడం మొదటి స్వేచ్ఛ. ఇంధనం కోసమో మరమ్మతు కోసమో దిగడం రెండోది. సొంత దేశం నుంచి ప్రయాణికులను తీసుకెళ్లి దించడం మూడోది, అక్కడి నుంచి తిరిగి తీసుకురావడం నాలుగోది. సొంత దేశంలో బయలుదేరిన విమానం దారిలో మరో రెండు దేశాల మధ్య కూడా ప్రయాణికులను ఎక్కించుకోవడం ఐదోది. ఈ ఐదూ అందరికీ ఉండాలంది అమెరికా. యుద్ధంలో విమానాలు కోల్పోయిన బ్రిటన్ ఒప్పుకోలేదు. దాంతో అసలు వ్యాపారమంతా రెండేసి దేశాలు విడివిడిగా చేసుకునే ఒప్పందాలకు వదిలేశారు. నేటికీ అదే పద్ధతి.

ఆరో స్వేచ్ఛ అని వాడుకలో ఉన్నదే మనకు ముఖ్యం. శంషాబాద్‌లో ఖతార్ విమానం ఎక్కిన ప్రయాణికుడు దోహాలో దిగి, అదే సంస్థ విమానంలో డాలస్ చేరతాడు. ప్రయాణం భారత్, అమెరికాల మధ్యది. చేరవేసింది ఖతార్ సంస్థ. ఐదో స్వేచ్ఛకు ఒప్పందంలో ప్రత్యేకంగా అనుమతి రాయాలి. ఆరోదానికి ఆ అవసరం లేదు, రెండు మామూలు ప్రయాణాలను ఒక టికెట్లో కలిపేస్తే చాలు. కాబట్టి దాన్ని అదుపు చేయాలంటే భారత్ చేతిలో మిగిలిన సాధనం ఒక్కటే: వారానికి ఎన్ని సీట్లన్న పరిమితి. దుబాయ్‌తో ఆ పరిమితి 2014 నుంచి దాదాపు 66 వేల సీట్ల దగ్గరే ఆగిపోయింది. మరో 50 వేల సీట్లు కావాలని అటునుంచి అడిగితే, పెంచే ఆలోచన లేదని 2023లో అప్పటి విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా చెప్పేశారు.

ఈ స్తంభన ఎవరి మీద పడుతోందో నిదానంగా చూడాలి. దుబాయ్ విమానంలో ఒక వరుసలో కూర్చున్నది అక్కడే పనిచేసే కూలీ, పక్క వరుసలో ఉన్నది దుబాయ్‌లో విమానం మారి న్యూయార్క్ వెళ్లే తల్లిదండ్రులు. లెక్కలో ఇద్దరిదీ ఒకే కోటా. దూరం వెళ్లేవారి టికెట్ మీద సంస్థకు వచ్చేది ఎక్కువ కాబట్టి వారి కోసం సీట్లు అట్టిపెట్టడం దానికి లాభం. అలా అట్టిపెట్టినకొద్దీ కూలీకి దొరికే టికెట్ ప్రియమవుతుంది. అమెరికా ప్రయాణికులు పరాయి సంస్థల పాలు కాకూడదని వేసిన కట్టడి చివరికి గల్ఫ్ కూలీ జేబుకు చిల్లు పెడుతోంది. ఈ విధానంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

పరిమితులు పెట్టినవారికి కారణాలు లేకపోలేదు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భారత్ అమెరికాతో ఒప్పందం చేసుకుంది. దాని అండతో అమెరికా సంస్థలైన పాన్ ఆమ్, టీడబ్ల్యూఏ మన రెండు దేశాల మధ్య ప్రయాణించేవారి సంఖ్యకు మించి విమానాలు నడిపాయి. మిగిలిన సీట్లను మూడో దేశాల ప్రయాణికులతో నింపుకున్నాయి. 1948లో పుట్టిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అప్పటికి పసిబిడ్డ. భారత్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసి, సామర్థ్యాన్ని ముందుగానే నిర్ణయించే షరతుతో 1956లో కొత్తది కుదుర్చుకుంది. ఆనాటికి అది సరైన పని. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1960లో, ఎయిర్ ఇండియా లండన్ మీదుగా న్యూయార్క్‌కు బోయింగ్ 707 నడిపింది. పరాయి దేశాల మధ్య దారిని వాడుకుని ఎదిగిన సంస్థల్లో మనదీ ఉంది. ఐదో స్వేచ్ఛ మనం అడిగి పుచ్చుకున్నదే.

అప్పటి రక్షణకు మరో ఆధారం ఉండేది. ఎయిర్ ఇండియా ప్రజల ఆస్తి, దాని నష్టం ఖజానా మీద పడేది. 2022 జనవరి 27న అది టాటాల చేతికి వెళ్లింది. ఇప్పుడు సీట్ల పరిమితి కాపాడుతున్నది ప్రైవేటు సంస్థల లాభాన్ని. అందులో తప్పేమీ లేదు, దేశానికి బలమైన సంస్థలు కావాలి. అయితే ఆ రక్షణ ఖర్చును భరిస్తున్న ప్రయాణికుడికి బదులుగా ఏం దక్కిందని అడగాలి కదా. హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిర్ ఇండియా 2021 జనవరిలో నేరుగా విమానం ప్రారంభించింది. అది నిలవలేదు. 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్‌కు మొదలుపెట్టింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్‌కు అంతకు ముందు నుంచే నడుపుతోంది. పన్నెండు, పదమూడు వేల కిలోమీటర్ల ప్రయాణాల్లో మనవాళ్లు మధ్యలో ఎక్కడో దిగక తప్పడం లేదు. దిగే చోటును ఎంచుకునే అవకాశం పెంచడమే ప్రభుత్వం చేయగల మేలు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి. గల్ఫ్ సంస్థల వెనుక ప్రభుత్వాల డబ్బు ఉందన్నది మొదటిది. అమెరికా సంస్థలు 2015లో ఇదే ఆరోపణ చేశాయి, మూడు గల్ఫ్ సంస్థలకు 40 బిలియన్ డాలర్లకు పైగా సాయం అందిందన్నాయి. 2018లో ఖతార్, యూఏఈలు లెక్కలు పారదర్శకంగా ఉంచుతామని ఒప్పుకున్నాయి. అమెరికా తన ఒప్పందాలను రద్దు చేసుకోలేదు. అదే షరతు మనమూ పెట్టవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్థాన్ గగనతలం మన విమానాలకు మూసి ఉండటంతో పోటీ సమానంగా లేదన్నది రెండోది. అది న్యాయమైన ఫిర్యాదు. దానికి మన సంస్థలకు నేరుగా ఊరట ఇవ్వాలి. ఆ భారాన్ని ప్రయాణికుడి టికెట్ మీదికి మళ్లించకూడదు.

మూడోది బరువైనది. ఎయిర్ ఇండియా 2023లో 470 విమానాలకు ఒప్పందం ప్రకటించింది. ఇండిగో 2024లో 30 ఎయిర్‌బస్ ఏ350లు కోరింది. మనవాళ్లు దూరప్రయాణాలకు సిద్ధమవుతున్న వేళ తలుపులు తెరిస్తే వారు నిలబడేలోగానే చోటు పోతుందంటారు. అందుకే నేను గడువు అంటున్నాను. సింగపూర్ నుంచో జపాన్ నుంచో వచ్చే సంస్థకు శంషాబాద్‌లో ఆగి, మనవాళ్లు నడపని ఒక యూరప్ నగరానికి వెళ్లే ఐదో స్వేచ్ఛ ఐదేళ్లకు ఇవ్వండి. ఈలోగా భారతీయ సంస్థ ఆ దారిలో నేరుగా విమానం పెడితే, గడువు తీరాక పొడిగించవద్దు. ఏ సంస్థా ముందుకు రాకపోయినా మనకు పోయేదేమీ లేదు.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదని సరుకు రవాణా చెబుతోంది. 1990ల మొదట్లో, పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, సరుకు విమానాలకు స్వేచ్ఛా విధానం స్థిరపడింది. తర్వాత 2020లో విదేశీ చార్టర్ సరుకు విమానాలను ఆరు విమానాశ్రయాలకు పరిమితం చేసినప్పుడు కూడా అందులో హైదరాబాద్ ఉంది. ఇక్కడి ఔషధ పరిశ్రమ ఆ సౌకర్యాన్ని వాడుకుంది. మందుల పెట్టెకు ఇచ్చిన దారి మనిషికి ఇవ్వకపోవడానికి నాకు కారణం కనిపించదు. అశోక్ గజపతిరాజు మంత్రిగా ఉండగా వచ్చిన 2016 విధానం ఢిల్లీకి 5 వేల కిలోమీటర్ల అవతలి దేశాలతో పరస్పర ప్రాతిపదికన పరిమితులు తీసేయవచ్చంది. ఇవతలి దేశాల విషయంలో మన సంస్థలు తమ వాటాలో 80 శాతం వాడితే కోటా పెంపు గురించి ఆలోచించవచ్చంది. గల్ఫ్ అంతా ఈ గీతకు ఇవతలే ఉంది. గీత ఇప్పటికే గీసి ఉంది, ఆచరణే మిగిలింది.

రక్షణ పేరుతో ఏకహక్కు ఇస్తే ఏమవుతుందో మన ప్రాంతానికి వేరే చెప్పనక్కర లేదు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి ఏళ్ల తరబడి అడ్డుగా నిలిచింది. నిజాం కాలపు ఆ విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలోగాని అనుమతి ఇవ్వలేదు. పెట్టుబడి పెట్టినవారికి రక్షణ అవసరమైంది నిజమే, కానీ ఆ రక్షణ వెల ఓరుగల్లు చెల్లించింది.

ఇప్పుడు విమానయాన శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. మానుకోటకు సొంత లోక్‌సభ స్థానం ఉంది, జనగామ భువనగిరిలోకి, భూపాలపల్లి వరంగల్‌లోకి వస్తాయి. ఈ ముగ్గురు ఎంపీల చేత సభలో ఒక ప్రశ్న అడిగించమని మిమ్మల్ని కోరుతున్నాను: హైదరాబాద్ నుంచి ఏ దేశానికి మన సంస్థల వాటాలో ఎన్ని సీట్లు వాడకుండా మిగిలాయి, ఆ దారిలో నడపడానికి ఏ విదేశీ సంస్థ అనుమతి అడిగింది, కాదన్నప్పుడు రాసిన కారణం ఏమిటి?