మారుబేరపు రేడియో విమానము

హైదరాబాదులో ఎవరో వాడి విడిచిన రేడియో విమానమొకటి బాల్కొండకు చేరినదనుకొందము. దానితో పుస్తకము రాలేదు, చేసిన సంస్థ పేరు లేదు. ప్రక్కల అంటించిన చీటీలు పాత యజమాని ముచ్చటకొద్దీ అంటించుకొన్నవి కావచ్చును; వానినిబట్టి దాని కులగోత్రములు తేల్చరాదు. రెక్కనే అడుగవలెను.

రెక్క దేహమునకు పైన అమరి, అడుగు చదునై, కొనలు కొంచెము పైకి లేచియున్నచో అది నేర్చుకొనువారి విమానము. క్రిందను మీదను ఒకే వంపు ఉన్నచో పల్టీలకై చేసినది. క్రొత్తవారు దానిని కొంతకాలము అటకపై ఉంచుట మేలు. ఇంజనుపై 40 అను అంకె ఘనపుటంగుళములో నూటికి 40 వంతులను, అనగా సుమారు 6.5 ఘన సెంటీమీటర్లను తెలుపును. లోపలి రిసీవరుపై 35 లేక 72 మెగాహెర్ట్‌జు అని ఉన్నచో అది పాత పద్ధతి. ఇంటి రేడియోకు ముల్లు త్రిప్పి స్టేషను పట్టుకొనవచ్చును. దీనికి ఆ వీలు లేదు, రెండువైపుల స్ఫటికములు ఒకే ఛానెలు జంట కావలెను. దానితో తంటాలు పడుటకంటె 2.4 గిగాహెర్ట్‌జు సెట్టు అమర్చుకొనుటయే మా సలహా.

ఇక తూకము. ప్రాణమంతయు ఇందున్నది. రెక్క ముందంచునుండి వెనుకంచువరకు వెడల్పు కొలువవలెను. ఆ వెడల్పు 12 అంగుళములైనచో, ముందంచునుండి 3 మొదలు 4 అంగుళములలోపున గరిమనాభి ఉండవలెను. మొదటిసారి 3 దగ్గరనే ఉంచుడు. కొనలకు సన్నగిలిన రెక్కకు సగటు వెడల్పు కట్టవలసియుండును. వెనుకకు వాలిన రెక్కకు ఈ సులువు లెక్క చాలదు. పాత యజమాని పెట్టిన గుర్తు కనబడినను మరల కొలువక నమ్మరాదు. ఏలయన తోక విరిగినప్పుడు అతడు జిగురు పోసి అతికియుండును, ఇంజను నూనె కర్రలోనికి ఇంకియుండును.

కావడి మోయువారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. బద్ద పొడుగు వైపున చిన్న చెంబైనను పెద్ద కుండను లేపును. తోక దూరము ముక్కు దూరమునకు మూడింతలున్నచో, తోకన పెరిగిన 10 గ్రాములకు ముక్కున 30 గ్రాములు కావలెను. కావున ముందు బ్యాటరీని ముక్కువైపు జరిపి చూడుడు. చాలనిచో వలలకు కట్టు సీసపు గుండ్లు బిగింపుడు. నూనె ఇంజనైనచో ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తూచవలెను, ఎగురుచుండగా ముందరి నూనె తరుగును గదా. బ్యాటరీ విమానమునకు బ్యాటరీ దాని చోటనే ఉండవలెను.

ముక్కు బరువైన విమానము మొండిగా పోవును, వేగముగా దిగును. అయినను మాట వినును. తోక బరువైనది ముక్కెత్తి, వేగము చచ్చి, ఒక రెక్క వాల్చి కూలును. క్రింద పిల్లలున్నచో ఆ రెండు కిలోలు ఆటవస్తువు కాదు.

2021 నాటి డ్రోను నియమములు ఇట్టి నమూనాలకును వర్తించును. ముందుగా గగనతల పటమున ఆకుపచ్చ మండలమేమో చూచుకొనవలెను. పసుపు త్రవ్విన చేలు విశాలముగా ఉండును, కాని 44వ జాతీయ రహదారికి దూరముగా నిలువుడు. బోధను వైపువారు నిలిచిన చెరకుమీదికి పోనీయరాదు. అందులో పడిన విమానమును వెదకుటకు కోతలదాక ఆగవలసి వచ్చును.