డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి గురించి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక డాక్టర్ జీవితం గురించి మాట్లాడమన్నారు కమిటీ వారు. గుండె ఆపరేషన్ల సంగతి చెబుతానని అనుకున్నట్టున్నారు. నేను డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి గురించి చెబుతాను.

మన విశాఖ జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. ఆవిడ 1886లో పుదుక్కోటలో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల ఇంటి నుంచి వచ్చినావిడ. ముత్తులక్ష్మి గారు 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరయ్యారు, 1927లో శాసనమండలి ఉపాధ్యక్షురాలయ్యారు. అడయారు క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఆవిడ చలవే. ఈ చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పదలచింది పొలం సంగతి.

దేవదాసి ఇంటికి గుడి మాన్యం ఉండేది. అది నిలవాలంటే ఆ ఇంటి నుంచి తరానికో ఆడపిల్ల గుడి సేవకు వెళ్లాలి. పిల్లను ఇవ్వకపోతే పొలం పోతుంది. ఇక సంకెళ్లెందుకు? ఆవిడ పట్టుబట్టి 1929లో చట్టం సవరింపజేశారు. సేవ మానేసినా పొలం ఆ ఇంటిదే అన్నారు.

1930లో ముగ్గురమ్మాయిలు ఆ బతుకు వద్దని పారిపోయి వచ్చి ఆవిడ గడప తొక్కారు. బ్రాహ్మణుల హాస్టల్లోనూ, బ్రాహ్మణేతరుల హాస్టల్లోనూ చోటివ్వలేదు. సొంత ఇంట్లోనే పెట్టుకున్నారు. అదే తర్వాత అవ్వై హోమ్ అయింది.

అందరూ మెచ్చలేదు. ముద్దుపళని కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు మొదలైన దేవదాసీలే ఎదురు నిలిచారు. తమ కళనూ ఆస్తి హక్కునూ చూడమన్నారు, అందర్నీ ఒకే గాటన కట్టొద్దన్నారు. అందులోనూ న్యాయం ఉంది. కానీ పసిపిల్లను గుడికిచ్చేటప్పుడు ఆ పిల్లనెవరూ అడగలేదు కదా! అలా ఇవ్వడాన్ని నిషేధించే చట్టం 1947కి గానీ రాలేదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గుడి వెనక చెక్కను ఇప్పటికీ భోగం మాన్యం అంటారు. అది మా వాళ్లదే. ఈ బడిలో చదివినన్నాళ్లూ ఆ మాట నా నోట రాలేదు. అమ్మమ్మను గుడికివ్వలేదు, పెళ్లి చేశారు. పొలమూ పోలేదు. ఆ పంట డబ్బుతోనే నేను ఎం.బి.బి.ఎస్. చదివాను.

గేటు ఆర్చికి నా వంతు చందా అడిగారు. ఇస్తాను. అది కాక, పదో తరగతి పాసై ఇంట్లో చదువు మానిపించబోతున్న ఆడపిల్లలు ఏటా ఇద్దరికి, ఇంటర్ ఫీజు మా అమ్మమ్మ పేరు మీద కడతాను. హెడ్మాస్టరు గారూ, ఈ ఏటి పేర్లు రెండూ నేను బస్సెక్కేలోగా ఇవ్వండి.