శీతలేంధనపు పైఅంచె

ఉదజని వాయువులన్నిటిలోను తేలికయైనది. సున్నకు దిగువ 253 సెంటిగ్రేడు డిగ్రీలవరకు చల్లార్చినగాని అది ద్రవము కాదు. ద్రవమైన పిమ్మటను ఘనమీటరు తూకము 71 కిలోగ్రాములే. నీటిలో పదునాల్గవ వంతు. ఇంత చలికి ఓర్చి, ఇంత పెద్ద తొట్టెలు కట్టి, ఈ ఇంధనమునే ఏల వాడవలెనని మనము ప్రశ్నింపవచ్చును.

పైఅంచె తన బరువును తానే కక్ష్యదాక మోసికొనిపోవలెను. అచ్చట తగ్గిన ప్రతి కిలోగ్రామును ఉపగ్రహమునకే దక్కును. ఆమ్లజనితో మండు ఉదజని, కిరసనాయిలుకంటె కిలోగ్రామునకు హెచ్చు ఫలమిచ్చును. కారణ మిదియే.

2010 ఏప్రిల్ 15న శ్రీహరికోటనుండి మన తొలి స్వదేశీ శీతలాంచె ఎగిరినది. ఇంజను రగిలినది; కాని ఉదజని నందించు చిన్న పంపు వెంటనే నిలిచిపోయినది. ఏండ్ల శ్రమ బంగాళాఖాతము పాలయ్యెను.

శాస్త్రజ్ఞులు లోపమును దాచలేదు. పంపును సవరించి, నేలమీద మరల మరల పరీక్షించిరి. 2013 ఆగస్టు 19న రాకెట్టు సిద్ధమైనది. ఎగురుటకు గంటకు పైగా వ్యవధి యుండగా, రెండవ అంచెలో ఇంధనము కారుచున్నట్లు కనిపెట్టి ప్రయోగమును నిలిపిరి. 2014 జనవరి 5న శీతలాంచె జీశాట్-14ను కక్ష్యలో నిలిపినది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసిన భారీ రాకెట్టు పైఅంచెయు ఉదజనినే మండించినది.

గెలిచిన దినములను మనము మరువము. ఎగురవలసిన రాకెట్టును ధైర్యముతో ఆపిన ఆ ఆగస్టు సాయంకాలమును గూడ మరువరాదు. ఆగుటయు ఈ విద్యలో ఒక పాఠమే గదా!