వాణిజ్యపట్టము – రెండు విశ్వవిద్యాలయములు



ఇంటరు పరీక్షలో నెగ్గిన బిడ్డకు బి.కాం. చదువుటకు ఉస్మానియా పరిధిలోని యొక కళాశాలయందును, ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోని యొక కళాశాలయందును చోటు దొరకినదనుకొందము. ఇంటిలో తర్కము మొదలగును. ఒకటి 1918లో పుట్టినది, రెండవది 1926లో. ఏది గొప్పది?

ఈ ప్రశ్నయే నాకు సరిగా తోచదు. హైదరాబాదునందలి నిజాం కళాశాల 1887లో వెలసి, చిరకాలము మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండి, 1947లో ఉస్మానియాలో చేరినది. కళాశాల యదియే, పట్టముపై పేరు మాత్రము మారినది. విశ్వవిద్యాలయము పట్టమిచ్చును, చదువు చెప్పునది కళాశాల. స్వయంప్రతిపత్తి గలచోట పరీక్షయు కళాశాలదే.

కావున బండి యెక్కి రెండు చోట్లకును పోయి చూడవలెను. అకౌంటెన్సీ చెప్పువారు స్థిరముగా నున్నవారా, ఏడాదికొకరు మారువారా? తరగతులు నిజముగా జరుగుచున్నవా? మూడవయేటి విద్యార్థి నొకనిని చాటుగా నడుగుడు; ప్రాస్పెక్టసు చెప్పని సంగతి యతడు చెప్పును. వసతిగృహపు ఖర్చును లెక్కింపుడు. తండ్రి అప్పుచేసి తెచ్చిన పైకము మూడేండ్లు సాగవలెను గదా!

చార్టర్డు అకౌంటెంటు కాదలచినవారికి మరియొక మాట. ఆ పరీక్ష దేశమంతటికి నొక్కటే. వాణిజ్యపట్టములో నూటికి 55 మార్కులు వచ్చినవారు ఫౌండేషను పరీక్ష వ్రాయకయే ఇంటర్మీడియెటు దశలో చేరవచ్చును. ఏ విశ్వవిద్యాలయమని యడుగరు. అట్టివారు ఆడిటర్ల కార్యాలయములు హెచ్చుగా నున్న పట్టణము నెన్నుకొనుట మేలు. రేపు శిక్షణకు వారి గుమ్మమే యెక్కవలెను.